యుద్ధానికి రాని శేషయ్య

నంద్యాలలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణాలు వీధికి నాలుగున్నాయి. వాటిలో ఒక సేనాపతి నడిపే దుకాణం మాత్రం ఒక్కటే, అది నాది. నవ్వేవాళ్లు నవ్వండి, నాకేం. 'ఏడుకోటల రాజ్యం' అనే ఆన్‌లైన్ ఆటలో నేను నల్లమల దండుకు సేనాపతిని. బయట నన్ను కిరణ్ అంటారు, తొందరలో ఉన్నవాళ్లు "ఏమప్పా" అంటారు. ఆటలోకి వెళ్తే నాకు తెల్లగుర్రం, వెండి కవచం, ముందు బూర ఊదుకుంటూ నడిచే ఇద్దరు మనుషులు ఉంటారు. ఇంట్లో మంచినీళ్లు అడిగితే తెచ్చిచ్చే దిక్కులేనివాడికి బూరలు ఊదించుకోవడం ఎంత హాయిగా ఉంటుందో అనుభవిస్తే గాని తెలియదు.

అయితే నేను చెప్పబోయేది నా గొప్ప కాదు. నా దండులో ఎనిమిది నెలలపైన ఉండి, ఒక్కసారి కూడా యుద్ధానికి రాని శేషయ్య సంగతి.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. చేరినవాళ్లు తలా ఒక వేషం ఎంచుకోవాలి. విలుకాడో, వైద్యుడో, మాంత్రికుడో. ఎక్కడెక్కడివాళ్లో ఒకే సమయానికి ఫోన్లు తెరిచి, దండుగా కలిసి, ఏడు కోటలు పట్టుకుని, చివరికి రాక్షసరాజును చంపాలి. అసలు కథ అదే. కానీ మనిషి పొద్దస్తమానం కత్తి తిప్పలేడు, విసుగెత్తి వెళ్లిపోతాడేమోనని కంపెనీవాళ్లు మధ్యలో చిల్లర ఆటలు కొన్ని పెట్టారు. మినీగేములంటారు వాటిని. చెరువులో చేపలు పట్టడం, ఎద్దుల బండి తోలడం, రాయి చెక్కడం. రెండు నిమిషాలు ఆడుకుని, నాలుగు నాణేలు పుచ్చుకుని, మళ్లీ యుద్ధానికి రావాలని వాళ్ల ఉద్దేశం.

కోట మీదికి పోవాలంటే దండులో ముప్పైమంది ఉండాలన్నది నియమం. ముప్పైమంది వీరుల్ని నేనెక్కడినుంచి తేను? అందుకని అద్దం పగిలి వచ్చినవాళ్లనూ, బ్యాటరీ ఉబ్బి వచ్చినవాళ్లనూ సైన్యంలో చేర్చుకున్నాను. ఫోన్ బాగై వాళ్ల చేతికి వెళ్లేసరికి అందులో ఆట ఎక్కి ఉండేది. పాత బస్టాండు దగ్గర జాకెట్లు కుట్టే మెహజబీనక్క అలాగే మాంత్రికురాలైంది. బేతంచెర్ల నుంచి నాపరాళ్ల లారీ తోలే జోసెఫ్ అలాగే విలుకాడయ్యాడు. శేషయ్య కూడా అలాగే వచ్చాడు.

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే పని ఆయనది. యాభై ఎనిమిదేళ్లుంటాయి. ఫోన్ చార్జింగ్ ఎక్కడం లేదని తెచ్చాడు. చార్జింగ్ రంధ్రంలో సూది పెట్టి గీకితే చిటికెడు రాతిపొడి రాలింది. ఫోన్‌తోబాటు గదాధారి వేషం కూడా చేతికిచ్చాను.

"ఇది ఏందప్పా, కొత్తగా ఉండాది?"

"ఆట మామా. ఆదివారం ఐదింటికి యుద్ధం ఉంటాది. నువ్వు రావాల."

"యుద్ధానికి ఇంతదూరం రావాల్నా? మా ఇంట్లోనే ఉండాది గదా," అని ఫోన్ జేబులో వేసుకుని బస్సుకు పోయాడు.

ముప్పైమంది పోగయ్యాక వచ్చిన మొదటి ఆదివారం ఐదు గంటలకు కోట ముందు గుర్రమెక్కి నిలబడ్డాను. బూరలు ఊదారు. వెనక్కి తిరిగి చూస్తే ఆరుగురున్నారు. మిగతా సైన్యం ఏదని వెతుక్కుంటూ పోతే, మాంత్రికురాలు చెరువుగట్టున గాలం వేసుకుని కూర్చుని ఉంది. ఆటలో ఉన్నవాళ్లు మాట్లాడుకోవచ్చు కాబట్టి మైకులో గట్టిగానే అడిగాను.

"అక్కా, కోటకాడ యుద్ధమైతాంటే నువ్వు ఈడ చేపలు పడ్తాండావా?"

"పొద్దన్నుంచి కొలతలు, కొక్కేలు, కాజాలు. ఈడ కూసుంటే ఎవురూ వదులైంది, బిగువైందని అనరు. నువ్వు పో తమ్ముడూ, చేపలు బెదుర్తాయి," అంది.

విలుకాడు జోసెఫ్ ఎద్దుల బండి తోలుతున్నాడు. పగలంతా లారీ తోలేవాడికి సాయంత్రం మళ్లీ బండి తోలాలని ఎందుకు అనిపిస్తుందో నాకు అర్థం కాలేదు. అడిగితే, "ఈడ యాడా నిలబెట్టేటోళ్లు ల్యారన్నా," అన్నాడు. ఆ గొంతులో ఉన్న సుఖం విని నా గుర్రాన్ని పక్కకు తిప్పుకున్నాను.

గదాధారి శేషయ్య రాళ్లగుట్ట దగ్గర ఉన్నాడు. గద పక్కన పడేసి రాయి చెక్కుతున్నాడు. ఆ ఆటలో తొమ్మిదిసార్లు వేలితో తడితే బొమ్మ తయారైపోతుంది. గుర్రమో, సింహమో, అందరికీ ఒకే గుర్రం, ఒకే సింహం. ఆ పక్కనే మూలన 'మీ ఇష్టప్రకారం చెక్కండి' అని ఒక చిన్న మీట ఉందట. దాన్ని కంపెనీవాళ్లు కూడా మరిచిపోయి ఉంటారు. శేషయ్య దాన్ని పట్టుకున్నాడు. అందులో వేలితో ఎంత గీస్తే అంతే చెక్కు రాలుతుంది. ఆయన ఆ రాయి ముందు నెల రోజులుగా ఉన్నాడు. నెలకు ఒక మోకాలు వచ్చింది.

మూడు కోటలు మా చేతిలో పడకుండా పోయాక నాకు ఒళ్లు మండింది. ఒక బుధవారం దుకాణం మూసి ఆళ్లగడ్డ బస్సెక్కాను, నా సైనికుణ్ణి మందలించడానికి.

ఆయన పనిచేసే చోట రేకుల షెడ్డు కింద ఒక పెద్ద మిషన్ నీళ్లు చిమ్ముకుంటూ రాయి కోస్తోంది. కంప్యూటర్లో బొమ్మ పెడితే చాలు, మూడడుగుల విగ్రహం రెండు రోజుల్లో దిగుతుంది. యజమాని కొనడానికొచ్చినవాళ్లకు షెడ్డంతా తిప్పి చూపిస్తున్నాడు. మిషన్ దగ్గర ఆగకుండా నడిపించి, శేషయ్య దగ్గర మాత్రం నిలబెట్టి, "మా దగ్గర చేతిపనే సార్," అంటున్నాడు. శేషయ్య తల ఎత్తలేదు.

వాళ్లు పోయాక పక్కన కూర్చున్నాను.

"మిషనొచ్చి మూడేండ్లయింది. అంతా అదే చేస్తాది. కండ్లు మాత్రం నాకిడిసిపెడ్తాది," అన్నాడు.

"దానికి కండ్లు రావా?"

"ఎందుకు రావు? కొనేటోళ్లు ఒప్పుకోరు. కండ్లు మనిషే పెట్టాలంటారు. అది ఆఖరు పని. మంచి గడియ సూసుకోని, తలకు పోసుకోని కూసోవాల. దానికోసమే నన్ను పెట్టుకున్యాడు."

పన్నెండేళ్లప్పుడు వాళ్ల నాయన చేతిలో ఉలి పెట్టాడట. అప్పటినుంచీ గుట్టకు పోయి, బండను సుత్తితో తట్టి, మోత విని ఏరుకొచ్చి, మొదటి దెబ్బ నుంచి చివరి నునుపు దాకా తనే చేసినవాడు. ఇప్పుడు వరసగా నిలబెట్టిన విగ్రహాలకు రోజూ కళ్లు పెడుతున్నాడు. కంపెనీ భాషలో చెప్పాలంటే అసలు కథ మిషన్‌ది, శేషయ్యకు మిగిలింది మినీగేము. ఈ మాట నాకు ఆ రోజు తట్టలేదు. ఆ రోజు నేను సేనాపతిని, కోపంలో ఉన్నాను.

"మామా, ఆదివారం రాకపోతివంటే నిన్ను దండులోనుంచి తీసేస్తా."

"తీసెయ్ అప్పా. రాయి మాత్రం ఉండనీ."

ఫోన్ తీసి చూపించాడు. పద్మం మీద కూర్చున్న అమ్మవారు. నడుము దాకా వచ్చింది, పైన ఇంకా బండే. చీర కుచ్చిళ్లు ఒక్కొక్కటీ విడిగా ఉన్నాయి.

"మొదట్నుంచీ నాదే సూడు ఇది. బండ కాన్నుంచీ," అన్నాడు. అరవయ్యేళ్లకు దగ్గరపడిన మనిషి ముఖం అంత వెలగడం నేను చూడలేదు. ఆయన్ని తీసేస్తే దండు ఇరవై తొమ్మిదికి పడిపోతుంది, యుద్ధానికే అర్హత ఉండదు. అందుకని దయతలచి క్షమించినట్టు ముఖం పెట్టి వచ్చేశాను.

ఆ తర్వాత జరిగింది విచిత్రం. అమ్మవారికి చేతులు వస్తున్నాయని మెహజబీనక్క చూసి జోసెఫ్‌కు చెప్పింది. జోసెఫ్ ఎద్దుల బండి అక్కడ ఆపి చూసి ఇంకెవరికో చెప్పాడు. రోజూ సాయంత్రం ఆరున్నరకు శేషయ్య పని దిగి ఆటలోకి రాగానే, ఆ రాళ్లగుట్ట చుట్టూ మూగేవారు. "ముక్కు అయ్యిందా?" "ముక్కుపుడక ఎడమకా, కుడికా?" అని వాదనలు. కోయిలకుంట్ల నుంచి, జూపాడు బంగ్లా నుంచి, పేరు వినని ఊళ్లనుంచి కూడా నా దండులో చేరతామని అర్జీలు వచ్చాయి. ముప్పైమందిమి కాస్తా యాభై ఇద్దరమయ్యాం. మేము ఒక్క కోటా పట్టలేదు. కానీ ఆరోజుల్లోనే కంపెనీవాళ్లు 'అత్యంత ఆసక్తిగల దండు' అని మాకు బంగారు పతకం ఇచ్చారు. రోజుకు అందరికంటే ఎక్కువసేపు ఆటలో ఉండేది మావాళ్లేనట.

పతకం ఎందుకొచ్చిందో బుద్ధున్నవాడికెవడికైనా తెలుస్తుంది. నేను మాత్రం అది నా నాయకత్వ పటిమ అనుకున్నాను. ఫోటో తీసి దుకాణం గోడకు అంటించాను.

పతకంతోబాటు ఒక ఫారం వచ్చింది. ఆటగాళ్లు ఎందుకు ఉంటున్నారు, ఎందుకు పోతున్నారు అని నలభై ప్రశ్నలు. దండు తరఫున సేనాపతి నింపవచ్చన్నారు. మనిషికొకటి చొప్పున యాభై రెండు ఫారాలూ నేనే నింపాను. 'మినీగేముల వల్ల ఆటపై మీ ఆసక్తి పెరిగిందా?' అన్న ప్రశ్నకు యాభై రెండుసార్లు లేదు అని రాశాను. ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని కారణాలు మార్చి మార్చి రాశాను. మెహజబీనక్క పేరుమీద 'చేపలంటే నాకు వెగటు' అని రాశాను. జోసెఫ్ పేరుమీద 'బండి తోలడం నా గౌరవానికి తగదు' అని. శేషయ్య పేరుమీద 'రాళ్లతో విసుగు పుట్టింది, యుద్ధం కావాలి' అని రాశాను. అదేదో పెద్ద రాజనీతి అనుకున్నాను అప్పుడు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండు నెలలకు ప్రకటన వచ్చింది. అత్యంత ఆసక్తిగల ఆటగాళ్ల అభిప్రాయాన్ని గౌరవించి మూడు మినీగేములనూ తీసేస్తున్నామన్నారు. వచ్చే ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు. అప్పటికి పూర్తయిన శిల్పాలు స్మారక మందిరంలో శాశ్వతంగా ఉంటాయి. పూర్తికానివి చెరిగిపోతాయి.

ఎనిమిది నెలల పని. అమ్మవారికి ఇంకా సగం కిరీటం, ఒక చేతి వేళ్లు, కళ్లు మిగిలి ఉన్నాయి. ఫారాల సంగతి ఎవరికీ చెప్పలేదు. శేషయ్యకు ఫోన్‌చేసి, "ఆదివారం నేను వస్తా మామా, చార్జింగ్ సంగతి నేను చూసుకుంటా," అని మాత్రం అన్నాను.

ఆదివారం తెల్లవారి బయల్దేరి, రెండు పవర్ బ్యాంకులతో, కొత్త కేబుల్‌తో ఆళ్లగడ్డలో దిగాను. యజమాని ఒక ఆంజనేయస్వామిని మధ్యాహ్నం వ్యానుకెక్కించాలని శేషయ్యను పిలిపించాడట. షెడ్డులోనే పట్టుకున్నాను. పన్నెండులోపే ఆ కళ్లు పెట్టి, వ్యాను కదిలాక, అన్నం కూడా తినకుండా ఫోన్ ముందు కూర్చున్నాడు. నేను కేబుల్ పట్టుకుని పక్కన కూర్చున్నాను. ఆటలో దండు దండంతా చుట్టూ నిలబడి ఉంది. కిరీటం అయింది. వేళ్లు అయ్యాయి. చివరి గోరు గీసేసరికి నాలుగు గంటల ఇరవై ఐదు నిమిషాలు.

శేషయ్య లేచి కుళాయి దగ్గర తలకు పోసుకున్నాడు. తుడుచుకుంటూ వచ్చి గోడకున్న కేలెండరు వైపు చూశాడు. అలాగే నిలబడిపోయాడు.

"నాలుగున్నర. రాహుకాలం వచ్చిందప్పా."

"ఎప్పటిదాకా?"

"ఆరుదాకా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మామా, ఆరుకు మూసేస్తారు! ఫోన్లో బొమ్మకు రాహుకాలమేంది?"

"కండ్లు యాడున్నా కండ్లే గదా."

"పెట్టకుంటే అంతా పోతాది. ఎనిమిది నెల్లు!"

"కండ్లు పెట్టకపోతే అది ఇంకా రాయే. రాయి పోతే ఏమి? చెడ్డగడియలో కండ్లు తెరిపిచ్చి నిలబెట్టేదానికంటే పోనీడమే మేలు." తువ్వాలు భుజాన వేసుకుని, "చేసేటప్పుడు బాగుండెగదా. అది యాడికి పోతాది," అన్నాడు. కాసేపటికి, టీ తెస్తానని వీధిలోకి పోయాడు. అంగడి దగ్గరలోనే ఉంది. ఆయన రాలేదు. ఆరు దాటేదాకా ఫోన్ చూడకుండా ఉండాలని పోయాడని నాకు తెలుస్తూనే ఉంది.

ఫోన్ నా చేతిలో ఉంది. ఐదూ ముప్పావు అయింది. మెహజబీనక్క మైకులో ఏడుస్తోంది. "కిరణ్, ఏమన్నా చెయ్ నాయనా," అంటోంది. ఐదూ యాభై రెండు. కింద ఒక ఎర్ర మీట వెలుగుతోంది. 'మిగిలినది మేమే పూర్తిచేస్తాం' అని. నలభై తొమ్మిది రూపాయలు. నా ఫోన్‌తో కట్టి, నొక్కాను.

రెండు సెకన్లు పట్టింది. అమ్మవారు కళ్లు తెరిచింది. చక్కటి కళ్లు. బూరలు మోగాయి, పూలు రాలాయి, దండంతా కేకలు వేసింది. విగ్రహం లేచి స్మారక మందిరంలో కూర్చుంది. నేను ఏదో కోట పట్టినవాడిలా చెమట తుడుచుకున్నాను.

దండు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత చెప్పడానికి నాకు మనసొప్పదు. ఆ తర్వాతి ఆదివారం యుద్ధానికి నలుగురు వచ్చారు, వాళ్లలో ఇద్దరు చెరువేదని అడిగి పోయారు. నెలకల్లా దండు ఖాళీ. కంపెనీ నుంచి మళ్లీ ఫారం వచ్చింది, ఆసక్తి ఎందుకు తగ్గిందో చెప్పండని. రాక్షసరాజు మీసం దువ్వే మినీగేము ఒకటి పెడదామనుకుంటున్నారట. నింపకుండా పక్కన పెట్టాను. నా తెల్లగుర్రం ముందు ఇప్పుడు కూడా ఇద్దరు బూరలు ఊదుతున్నారు, వెనక ఎవరూ లేరు.

ఆ సాయంత్రం ఆరూ పదికి శేషయ్య రెండు టీ గ్లాసులతో వచ్చాడు. ఒకటి నాకిచ్చి, ఫోన్ వైపు చూశాడు. పోయి ఉంటుందనుకున్నది అక్కడే ఉంది. గ్లాసు కింద పెట్టి ఫోన్ తీసుకున్నాడు.

"పోయేదాన్ని నిలబెట్టినా మామా. ఇంక అది యాడికీ పోదు," అన్నాను.

ఆయన కళ్లు చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"బాగుండాయి," అన్నాడు. "నేను పెట్టినా ఇట్లనే పెడ్తాంటి."

విగ్రహం కింద పలక మీద అక్షరాలున్నాయి. నేను అప్పటిదాకా చూసుకోలేదు. ఆయన ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివాడు. పూర్తిచేసినవారు: సేనాపతి కిరణ్, నల్లమల దండు. డబ్బు ఎవరు కడితే వాళ్ల పేరు పడుతుందట.

"నీ పేరు బాగా పడినాదప్పా," అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. అదే నన్ను చంపింది.

టీ చల్లారిపోయింది. కాసేపటికి ఫోన్ నాకు అందించి, "ఈ ఆట తీసెయ్. నాకు తీసేది రాదు," అన్నాడు.

రోజూ పదిమంది ఫోన్లలో పదిరకాలు తీసేసే చెయ్యి నాది. ఆట గుర్తు మీద వేలు నొక్కిపట్టాను. నిజంగా తీసేయమంటారా అని ఫోన్ అడిగింది. ఎంత చవక ఫోనైనా ఆ మాట అడగకుండా ఏదీ చేయదు. నేను మాత్రం, వీధి చివర టీ అంగడిలో ఉన్న మనిషిని ఒక్క కేక వేసి అడగలేదు. నా వేలు అక్కడే ఆగిపోయింది. శేషయ్య కొంచెంసేపు చూసి, ఫోన్ నా చేతిలో ఉండగానే వంగి, 'అవును' అన్నచోట తనే నొక్కాడు.